కదలండి, ఫొటో తీస్తున్నాను!

డిసెంబరు నెల, రెండో ఆదివారం, ఉదయం. దట్టంగా మంచు.

స్థలం: దెందులూరు దిగువన, కొల్లేరు వైపు, చిన్నన్నయ్య చేపల చెరువు గట్టు.

హాజరైనవారు: అక్కయ్య. పెద్దన్నయ్య. చిన్నన్నయ్య (పెద్దన్నయ్యకు బాగా ఎడంగా). నా భార్య సరోజిని. నేను. మూడు కాళ్ళ స్టాండు మీద నా కెమెరా.

ఆ రోజు డైరీలో నేను రాసుకున్న జాబితా ఇది. ఇందులో తప్పేమీ లేదు. వీళ్ళంతా నిజంగానే వచ్చారు, మంచులో వణికారు, ఇడ్లీలు తిన్నారు, ఇళ్ళకు వెళ్ళారు. చిక్కల్లా ఏమిటంటే, అదే పూట నేను తీసిన ఫొటోలో మాత్రం హాజరైనవాడు ఒక్కడే. ఆ ఒక్కడి మూలంగా కొద్ది రోజుల తర్వాత ఏలూరులో ఒక కంటి ఆసుపత్రి మొత్తం పరుగులు పెట్టింది. ఆ ఒక్కడూ ఎవరో మీరు ఈపాటికే ఊహించి ఉంటారు. నవ్వాలనిపిస్తే మొహమాటపడకుండా నవ్వండి. మా ఇంట్లో అందరూ ఎప్పుడో నవ్వేశారు కనుక నాకు కొత్తగా పోయే పరువేమీ లేదు.

నేను స్టేషన్ మాస్టరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగమంతా ఒకచోట నిలబడి, కదిలిపోయేవాటికి జెండా ఊపడంతోనే గడిచింది. రిటైరయ్యాక ఊపడానికి జెండా లేక ఒక కెమెరా కొన్నాను. కొన్నవాడు ఊరుకుంటాడా? ఇంటర్నెట్టులో ఒక కుర్రాడు ఫొటోగ్రఫీ పాఠాలు చెబుతుంటే శిష్యుడిగా చేరిపోయాను. ఆ కుర్రాడికి నా మనవడి వయసుంటుంది. గడ్డం మాత్రం మా తాతగారిది.

"ఫొటో నిశ్చలంగా ఉంటుంది, లోకం ఉండదు," అన్నాడు ఒకరోజు. "కదలిక లేని ఫొటో ఊపిరి లేని మనిషి లాంటిది. మంచును చూపిస్తే చూసేవాడికి చలి వెయ్యాలి. నీళ్ళను చూపిస్తే చప్పుడు వినిపించాలి. షట్టర్ను నెమ్మదిగా మూయనివ్వండి!"

ఈ మాటలు ఎర్రసిరాతో డైరీలో ఎక్కించుకుని కింద గీత కూడా గీశాను. సంగతి మరీ కష్టమైంది కాదు. కెమెరా చటుక్కున రెప్ప వేస్తే, పరిగెత్తే గుర్రం కూడా బొమ్మలా బిగుసుకుపోయి కనిపిస్తుంది. రెప్ప వెయ్యకుండా కాసేపు తెరిచి ఉంచితే కదిలినదంతా పొగలా సాగిపోతుంది. కదలనిది మాత్రమే స్పష్టంగా నిలుస్తుంది. ఈ చివరి ముక్కను మీరు గుర్తుపెట్టుకోండి. నేను గుర్తుపెట్టుకోలేదు.

ఇక చూడండి నా సాధన! ఏలూరు కాలవ వంతెన మీద ఆటోలు, ఇంట్లో సీలింగు ఫ్యాను, పెరట్లో గాలికి ఊగే చీరలు, ఏదీ నా చేతిలోంచి తప్పించుకోలేదు. ఒకరోజు సరోజిని దోసెలు పోస్తుంటే తీసి, ఫొటో చేతికిచ్చాను.

"ఎవరండీ ఈ దయ్యం?" అంది.

"నువ్వే. అట్లకాడ తిప్పే వేగం చూడు, ఎలా పట్టానో!"

"వేగం సరే. నా తలకాయేదండీ?"

"తలకాయ ముఖ్యం కాదు సరోజినీ, కదలిక ముఖ్యం."

"అయితే ఇవాళ దోసె ముఖ్యం కాదు, వాసన ముఖ్యం. వాసన చూసి లేవండి," అంటూ పళ్ళెం తీసుకుపోయింది.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ నా ఖర్మ కొద్దీ ఒక ఫొటో నిజంగానే కుదిరింది. వానాకాలం సాయంత్రం, తాడేపల్లిగూడెం స్టేషన్లో, గొడుగు కింద కదలకుండా నిలబడ్డ ఒక ముసలాయన. ఆయన వెనక ఆగకుండా వెళ్ళిపోతున్న రైలు, దీపాలన్నీ కలిసి ఒక వెలుతురు కాలవలా పారుతోంది. తడిసిన ప్లాట్‌ఫారం మీద ఆ వెలుతురే మళ్ళీ పారుతోంది. ఆ ఫొటో ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నా ఎదుటి నుంచి వెళ్ళిపోయిన రైళ్ళన్నీ అందులో ఇంకా వెళ్తున్నట్టే అనిపించింది. సరోజిని కూడా, "ఇది బాగుందండీ, బొగ్గు వాసన వస్తోంది," అంది. ఆ ఒక్క మెచ్చుకోలూ నా కొంప ముంచింది. ముసలాయన కదలకుండా నిలబడ్డాడు కనుకనే రైలు కదిలినట్టు కనిపించిందన్న సంగతి నా బుర్రకెక్కలేదు. కదిలిస్తే చాలు, ఫొటో బతికేస్తుందనుకున్నాను.

సరిగ్గా అప్పుడే అక్కయ్య ఫోన్ చేసింది.

అక్కయ్యది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్టు వెనక ఇల్లు. మా నలుగురిలో పెద్దది. నేను ఆఖరివాణ్ణి. నా తల నెరిసి, ఆ నెరిసిన జుట్టు రాలిపోయినా ఆవిడకు నేను బుజ్జిగాణ్ణే.

"ఒరేయ్ బుజ్జీ, నా కళ్ళు రెండూ శుక్లాలతో మూసుకుపోయాయిరా. ఒక కంటికి ఏలూరులో ఆపరేషన్ చేస్తామన్నారు. రెండోది తర్వాత."

"మంచిది అక్కయ్యా. నేను దగ్గరుండి చేయిస్తాను."

"అది సరేలే. కట్టు విప్పగానే నేను మొట్టమొదట మన నలుగురి మొహాలూ చూడాలి. నలుగురం ఒక్క ఫొటోలో ఉండాలి. నలుగురి మొహాలూ తేటగా ఉండాలి. నువ్వేదో కెమెరా కొన్నావటగా!"

ఈ కోరిక వెనక పెద్ద చరిత్ర ఉంది. మా చిన్నప్పుడు నాన్నగారు మమ్మల్ని తాడేపల్లిగూడెంలో ఒక స్టూడియోకి తీసుకెళ్ళి ఫొటో తీయించారు. నలుగురం కలిసి దిగిన ఫొటో అదొక్కటే. ఫొటోగ్రాఫరు నల్లగుడ్డలో తలదూర్చి, "కదలకండి! ఊపిరి బిగబట్టండి!" అని అరిచాడు. నేను కదలకుండా అక్కయ్య నా జబ్బ గట్టిగా గిల్లి పట్టుకుంది. అయినా, నల్లగుడ్డలోకి దూరిన మనిషి ఎటు పోయాడో చూద్దామని నేను తల తిప్పాను. ఫొటోలో ముగ్గురూ చక్కగా వచ్చారు. నా మెడ మీద మాత్రం ఒక పొగమేఘం వచ్చింది. ఆ ఫొటో అక్కయ్య ఇంటి వసారాలో ఇప్పటికీ ఉంది. వచ్చినవాళ్ళందరికీ చూపించి, "ఇది నేను, వీళ్ళు తమ్ముళ్ళు, ఈ మసక మా బుజ్జిగాడు," అని పరిచయం చేస్తుంది. నాకు సంబంధం కుదిరినప్పుడు సరోజిని వాళ్ళ నాన్నగారికి కూడా ఇలాగే పరిచయం చేసింది.

మళ్ళీ నలుగురం ఒక ఫొటోలోకి రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. మా అన్నయ్యలిద్దరికీ మాటల్లేవు. పెద్దన్నయ్య వరి వేస్తాడు. ఆ పొలం పక్కనే చిన్నన్నయ్య చేపల చెరువు తవ్వాడు. చెరువు ఊట పొలంలోకి దిగిందని ఆయన, దిగలేదని ఈయన. ఊట సంగతి ఎలా ఉన్నా మాటలు మాత్రం పూర్తిగా ఎండిపోయాయి. ఒకరింటి గడప ఇంకొకరు తొక్కరు. అక్కయ్య రెండు రోజులు ఫోన్లో ఏడ్చి, తిట్టి, చివరికి ఇద్దరికీ మధ్యనున్న గట్టు మీద కలిసేలా ఒప్పించింది. ఆ గట్టు ఇద్దరిదీ అవును, ఎవరిదీ కాదు. అదీ ఒక్క పూటకే.

అంటే, నాకు దొరికింది ఒక్క ఉదయం. నేను చెయ్యవలసిందల్లా నలుగురినీ వరసగా నిలబెట్టి మీట నొక్కడం. దారినపోయే గొర్రెల కాపరి కూడా చెయ్యగలడు.

నేను చెయ్యలేదు. గట్టు మీదికి చేరేసరికి నాకు పిచ్చెక్కింది. ఏం వాతావరణం! కొల్లేరు మీది నుంచి మంచు పాలపొంగులా వస్తోంది. చెరువులో మనుషులు వల లాగుతుంటే చేపలు వెండి రేకుల్లా ఎగిరిపడుతున్నాయి. గూడబాతులు నీళ్ళమీద పెళ్ళివారిలా బరువుగా దిగుతున్నాయి. నా గురువు చెప్పిన లోకమంతా నా కళ్ళముందే కదులుతోంది. ఇందులో మా వాళ్ళు మాత్రం గూడెం స్టూడియోలోలా కొయ్యబారి నిలబడ్డారు.

"కదలకండ్రా," అంది అక్కయ్య అలవాటుగా.

"కదలండి!" అన్నాను నేను.

అందరూ నా వంక చూశారు.

"ఫొటో తీస్తూ కదలమంటావేంట్రా?" అన్నాడు పెద్దన్నయ్య.

"ఇది కొత్త పద్ధతి అన్నయ్యా. నువ్వు కండువా విదిలించి భుజాన వేసుకో. చిన్నన్నయ్యా, నువ్వు చేపలకి మేత విసురు. అక్కయ్యా, నువ్వు వీళ్ళిద్దర్నీ మార్చి మార్చి చూస్తూ నవ్వు. తీసేది బొమ్మను కాదు, జీవితాన్ని!"

"ఒరేయ్ బుజ్జీ," అన్నాడు పెద్దన్నయ్య, "ఆ మేత విసిరే ఆయన్ని కాస్త ఇటు జరగమను. ఫొటోలో పడడు."

"జరిగితే ఆయనగారి పొలంలోకి ఊట దిగుతుందేమో కనుక్కోరా," అన్నాడు చిన్నన్నయ్య, చెరువుతో మాట్లాడుతున్నట్టు.

"మీ ఊట మీద మన్నుపొయ్య! దగ్గరికి రండి ఇద్దరూ," అని అక్కయ్య కసిరింది. ఇద్దరూ అంగుళం అంగుళం చొప్పున, కుమ్ముకోబోయే ఎడ్లలా దగ్గరికి జరిగారు.

సరోజిని మెల్లగా నా పక్కకు వచ్చింది. "ఏవండీ, ముందొకటి మామూలుగా తీసేయండి. ఆ తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు తీసుకోండి. పోనీ, నేను ఫోన్లో ఒకటి తీస్తానుండండి."

ఇక్కడ నేను చేసిన పని విని మీరు నన్ను క్షమించకపోయినా బాధపడను. ఫోన్లుంటే మనసు చెదురుతుందని, అందరి ఫోన్లూ తీసుకుని ఇడ్లీల బుట్టలో వేసి మూత పెట్టాను. సరోజిని ఫోను అన్నిటికంటే అడుగున పెట్టాను.

"మామూలుది ఎవరైనా తీస్తారు," అన్నాను గంభీరంగా.

"అందుకే తీయమన్నాను," అంది సరోజిని.

వెలుతురు తగ్గడానికి లెన్సుకు నల్లద్దం తగిలించాను. షట్టరు మెల్లగా పడేలా పెట్టాను. నేను కూడా ఫొటోలో ఉండాలి కదా, కాసేపాగి దానంతటదే నొక్కుకునే మీట నొక్కి పరిగెత్తాను. వెళ్ళి అక్కయ్య పక్కన చేరానో లేదో, ఆవిడ చెయ్యి దానంతటదే వచ్చి నా జబ్బ పట్టుకుంది. గిల్లి పట్టుకుని, "నువ్వు మాత్రం కదలకు," అంది.

అంతే. నేను సిగ్నల్ స్తంభంలా బిగుసుకుపోయాను. మిగతా ముగ్గురూ, పాపం, నేను చెప్పినట్టే చేశారు. కండువా ఎగిరింది. మేత ఎగిరింది. అక్కయ్య అటు చూసి నవ్వింది, ఇటు చూసి నవ్వింది.

అలా ఎన్నిసార్లు తీశానో చెప్పను. ప్రతిసారీ పరుగు, ప్రతిసారీ గిల్లు. మంచు విడిపోయింది. పెద్దన్నయ్య పొలంలోకి, చిన్నన్నయ్య వల దగ్గరికి వెళ్ళిపోయారు, ఒకరికొకరు చెప్పుకోకుండానే.

ఇంటికొచ్చి కంప్యూటర్లో చూసి నేను ఆనందంతో లేచి నిలబడ్డాను. మంచు ఉంది, చలి ఉంది. చేపలు వెండి గీతలై, గూడబాతులు తెల్లటి తెరలై పారుతున్నాయి. పెద్దన్నయ్య ఒక కండువా సుడిగుండం. చిన్నన్నయ్య ఒక గాలివాన. ఇద్దరూ దగ్గరగా ఊగారేమో, ఎవరు ఎక్కడ ఆగారో తెలియకుండా ఒకరిలో ఒకరు కలిసిపోయారు. అక్కయ్య నవ్వు ఈ చివర నుంచి ఆ చివర దాకా సాగి ఉంది, నవ్విన మొహం మాత్రం లేదు. వీటన్నిటి పక్కన నేనొక్కణ్ణే, చొక్కా బొత్తాలతో సహా, పాస్‌పోర్టు ఫొటోలో మనిషిలా స్పష్టంగా నిలబడి ఉన్నాను. నా జబ్బ మీద రెండు వేళ్ళు కూడా స్పష్టంగా ఉన్నాయి.

"వదినగారు అడిగింది ఇదేనంటారా?" అంది సరోజిని.

"కళ అర్థం కావడానికి టైము పడుతుంది."

"ఆపరేషన్ బుధవారమండీ. అప్పటికి అర్థమవుతుందంటారా?"

పెద్ద సైజులో ప్రింటు వేయించి ఫ్రేము కట్టించడానికి తీసుకెళ్తే, షాపతను దాన్ని వెలుతురులో అటూ ఇటూ తిప్పి, "అయ్యో, ప్రింటు తడిసిపోయిందండీ. మళ్ళీ వేయించుకురండి, నేను ఆగుతాను," అన్నాడు. అతనికి పాఠం చెప్పబోయాను. అతను మర్యాదగా, "ఆయ్, అలాగేనండి, అలాగేనండి," అంటూ మేకులు కొట్టేశాడు.

ఆపరేషన్ రోజు అక్కయ్య ఆ ఫ్రేమును ఒళ్ళో పెట్టుకుని అద్దం మీద చెయ్యి తిప్పింది. "నాకిప్పుడు అంతా మసగ్గానే ఉందిరా. అందరం ఉన్నామా?"

"ఉన్నాం అక్కయ్యా."

"మొహాలు తేటగా ఉన్నాయా?"

నేను గొంతు సవరించుకుని, "జీవం ఉట్టిపడుతోంది," అన్నాను.

"అంతే చాలు. రేప్పొద్దున్న చూస్తాను," అని ధీమాగా లోపలికి వెళ్ళింది. సరోజిని నా వంక చూడలేదు. చూసి ఉంటే అప్పుడే నిజం చెప్పేసేవాణ్ణి.

మర్నాడు ఉదయం డాక్టరమ్మ వచ్చి కట్టు విప్పింది. ఫ్రేము పట్టుకుని మంచం ఎదురుగా నిలబడింది నేనే. అక్కయ్య మెల్లగా కన్ను తెరిచింది. ఫొటో చూసింది. కన్ను మూసి మళ్ళీ తెరిచింది. ఆవిడ మొహంలో రంగు మారిపోయింది.

"డాక్టరుగారూ, నా కన్ను పోయిందండీ!"

"ఏమైందమ్మా? ఏం కనిపిస్తోంది?"

"మా బుజ్జిగాడు కనిపిస్తున్నాడు. వాడి బొత్తాలు కూడా కనిపిస్తున్నాయి. వాడు తప్ప ఇంకెవరూ కనపడట్లేదండీ! నా తమ్ముళ్ళు పొగైపోయారు! నేనే లేను!"

డాక్టరమ్మ కంగారుపడి టార్చి వేసింది. "నన్ను చూడండి. కనిపిస్తున్నానా?"

"శుభ్రంగా కనిపిస్తున్నారు. మీ ముక్కుపుడక రాయి కూడా తెలుస్తోంది. ఒక్క తమ్ముడే కనిపించే కన్ను ఏం కన్నండీ! మిగతా ఇద్దరి మీదా నాకు ప్రేమ లేదనా దేవుడు ఇలా చేశాడు?" అని అక్కయ్య బావురుమంది.

"ఏడవకూడదమ్మా, కన్ను తడవకూడదు!" అని నర్సు పరిగెత్తుకొచ్చింది. ఇంకో డాక్టరు వచ్చారు. గోడ మీది అక్షరాలు చదివించారు. అక్కయ్య వెక్కుతూనే అన్నిటికంటే కిందనున్న చీమ తలకాయంత వరసను గడగడా చదివేసింది. డాక్టర్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈ గోలలో సరోజిని వరండాలోకి వెళ్ళి అన్నయ్యలకు ఫోన్ చేసి, "వదినగారి కంటికి ఏదో అయిందంటున్నారు, రండి," అని చెప్పేసింది.

చివరికి డాక్టరమ్మ నా చేతిలోని ఫ్రేము తీసుకుని తను చూసింది. చాలాసేపు చూసింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.

"ఇది ఎవరు తీశారండీ?"

"నేనేనండీ," అన్నాను. ఆ సమయంలో కూడా నా గొంతులో కాస్త గర్వం ఉందని చెప్పడానికి సిగ్గుపడుతున్నాను.

"అమ్మగారి కన్ను బ్రహ్మాండంగా ఉంది. ఆపరేషన్ చెయ్యాల్సింది దీనికి."

అక్కయ్య ఏడుపు ఆపింది. తేటపడిన కొత్త కన్నుతో నన్ను కింది నుంచి పైదాకా చూసింది. "అప్పుడు నిన్ను కదలొద్దంటే కదిలి, నీ మొహం చెరుపుకున్నావు. ఇప్పుడు మా అందర్నీ కదలమని, మా మొహాలు చెరిపి, నువ్వు నిలబడ్డావన్నమాట!" మళ్ళీ ఫొటో దగ్గరికి వంగి, "ఈ వేళ్ళు ఎవరివిరా?" అంది.

"నీవే అక్కయ్యా."

ఆవిడ తన వేళ్ళ వంక చూసుకుంది. నా తప్పు ఎంతటిదో నాకు అప్పుడు తెలిసింది. నలుగురి మొహాలు అడిగిన మనిషికి రెండు వేళ్ళు ఇచ్చాను.

ఇంతలో తలుపు ధడాలున తెరుచుకుంది. పెద్దన్నయ్య, వెనకే చిన్నన్నయ్య. పెద్దన్నయ్య మోటారుసైకిలు స్టార్టవకపోతే చిన్నన్నయ్య బండి వెనక ఎక్కి వచ్చేశాడట. ఎక్కేటప్పుడు గుర్తురాలేదట, మాటల్లేవని.

"అక్కయ్యా! ఏమైంది నీ కంటికి? నీ వల్లేరా, గోతులన్నీ చూసుకుంటూ నడిపావు! లేకపోతే ముందే వచ్చేవాళ్ళం," అన్నాడు పెద్దన్నయ్య, చిన్నన్నయ్య మీదికి తిరిగి.

"నా వల్లా? నడిరోడ్డు మీద 'మెల్లిగా, మెల్లిగా' అని నా వీపు మీద బాదింది ఎవరు?"

"నేను బాదకపోతే నువ్వు కాలవలో దింపేవాడివి."

"దింపితే ఊట అంటావు!"

 ఇద్దరూ ఎదురెదురుగా, మధ్యలో నేను లేకుండా పోట్లాడుకుంటున్నారు. ఎన్నాళ్ళకు విన్నానో ఆ పోట్లాట! అక్కయ్య మంచం మీద లేచి కూర్చుంది. ఆవిడ కన్ను ఒకరి మొహం మీంచి ఇంకొకరి మొహం మీదికి తిరుగుతోంది.

"పెద్దాడికి జుట్టంతా పోయిందేంట్రా! చిన్నాడా, ఎంత చిక్కిపోయావురా!" అంది. "ఆగండి. ఎవరూ కదలకండి. ఈ ఫొటో కావాలి నాకు. అమ్మా నర్సూ, నీ దగ్గర ఫోనుందా?"

"ఉందండీ," అంది నర్సు.

కంటికి చెయ్యి తగలకూడదని అన్నయ్యలిద్దరూ అక్కయ్య చేతులు చెరొకటి పట్టుకుని మంచానికి అటూ ఇటూ కూర్చున్నారు. నేను వెనక నిలబడ్డాను. గదిలో పరదాలన్నీ దింపి ఉన్నాయి, వెలుతురు తక్కువ. నర్సు ఫోను ఎత్తింది. నేను ఊరుకోవచ్చు కదా! నా కెమెరా ఇంట్లో ఉంది, నా పరువు నేలమీద ఉంది, అయినా నా నాలుక మాత్రం డ్యూటీలో ఉంది. సరిగ్గా ఆ అమ్మాయి నొక్కే క్షణానికి కిటికీ వైపు తల తిప్పి, "అమ్మాయ్, వెలుతురు ఇటు నుంచి వస్తోంది, నువ్వు కాస్త..." అన్నాను.

ఫోను చేతులు మారింది. ఫొటోలో పెద్దన్నయ్య బట్టతల మెరుస్తూ వచ్చింది. చిన్నన్నయ్య నవ్వుతూ వచ్చాడు. అక్కయ్య మొహం మీద ఒక్కొక్క ముడతా తేటగా వచ్చింది. వాళ్ళ వెనక ఒక మెడ, ఆ మెడ మీద ఒక పొగమేఘం.

"గిల్లి పట్టుకోలేకపోయావా అక్కయ్యా?" అన్నాను దీనంగా.

"రెండు చేతులూ వీళ్ళ దగ్గర ఇరుక్కుపోయాయిరా," అంది అక్కయ్య, ఆ చేతులు విడిపించుకునే ప్రయత్నమేమీ చెయ్యకుండా. తర్వాత ఫోను డాక్టరమ్మకు చూపించి, "చూడండి డాక్టరుగారూ, నా కన్ను బాగైపోయింది. వీడు పెద్దాడు, వీడు చిన్నాడు, ఈ మసక మా బుజ్జిగాడు," అని పరిచయం చేసింది.

కనుక పాఠకులారా, నా డైరీల సాక్షిగా, ఊపిన జెండాల సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకపై ఈ ప్రాణం ఉన్నంతకాలం ఎవరి చేతిలో కెమెరా కనిపించినా నోరు మెదపను, తల తిప్పను, వెలుతురు ఎటు నుంచి వస్తోందో చెప్పను. మరీ నమ్మకం చాలకపోతే, ఫొటో తీసే ముందు ఎవరైనా దయచేసి నా జబ్బ గిల్లి పట్టుకోండి.